ఫార్ములాలన్నీ వచ్చు, గ్రాఫ్ రాదు: ఒక త్రికోణమితి కేస్ స్టడీ

ఈ అమ్మాయికి త్రికోణమితి ఫార్ములాల పట్టీ మొత్తం కంఠతా వచ్చు. సంయుక్త కోణాలు, గుణిజ కోణాలు, లబ్ధాన్ని మొత్తంగా మార్చే సూత్రాలు, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేస్తుంది. "నిరూపించండి" అని అడిగే లెక్కలు చాలావరకు చేసేస్తుంది కూడా. అలాంటి అమ్మాయిని "సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్ విలువ ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండొచ్చు?" అని అడిగితే 2 అని రాసింది. సమీకరణాలు సాధించమంటే దాదాపు ప్రతిసారీ ఒకటో రెండో జవాబులు ఎక్కువ వస్తున్నాయి. గ్రాఫ్ ఉన్న ప్రశ్నయితే చూడకుండానే వదిలేస్తోంది.

నేను ఒక్కొక్కరికీ విడిగా లెక్కలు చెప్తాను. ఫార్ములాలు గుర్తుండని పిల్లలతో నాకు పెద్ద ఇబ్బంది ఉండదు. అన్నీ గుర్తుండి కూడా లెక్క దగ్గర ఆగిపోయేవాళ్ల విషయంలోనే అసలు లోపం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ కేసు అలాంటిది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. విద్యార్థి పేరు, ఊరు రాయడం లేదు.

మొదటి కాగితం

ముందుగా ఆమెకు ఫార్ములాతో పనిలేని ప్రశ్నలు కొన్ని ఇచ్చాను. సైన్ గ్రాఫ్ చేత్తో గీయి. సైన్ 200° ధనమా, రుణమా? సైన్ (2ఎక్స్ − 60°) గ్రాఫ్ అసలు సైన్ గ్రాఫ్ కంటే ఎంత పక్కకు జరుగుతుంది? సైన్ 60° + సైన్ 30° అనేది సైన్ 90°కి సమానమా? √(1 − సైన్² 120°) ఎంత?

సైన్ గ్రాఫ్ అని ఆమె గీసింది పక్కపక్కన పెట్టిన అర్ధవృత్తాలు. ఒకటి పైకి, ఒకటి కిందికి. సైన్ 200° రుణం అని సరిగ్గానే చెప్పింది. ఎందుకని అడిగితే "మూడో పాదంలో టాన్, కాట్ మాత్రమే ధనం సార్, రూల్ అది" అంది. గ్రాఫ్ 60° కుడికి జరుగుతుందని రాసింది. జరిగేది 30° మాత్రమే. సైన్ 60° + సైన్ 30°, సైన్ 90° సమానం కావని చెప్పింది, సంయుక్త కోణ సూత్రం అలా లేదు కాబట్టి. ఆ మొత్తం 1.366 వస్తుంది, సైన్ ఎప్పుడూ 1 దాటదు కాబట్టి సూత్రంతో పనిలేకుండానే ఆ మాట తప్పని తెలిసిపోతుంది. ఆ వైపు ఆమె ఆలోచన వెళ్లలేదు. ఇక చివరిదానికి జవాబు కాస్ 120°, అంటే −0.5 అని రాసింది. వర్గమూలం గుర్తు రుణ సంఖ్యను ఇవ్వదని ఆమెకు బాగా తెలుసు. అయినా 1 − సైన్² కనిపించగానే కాస్² అని మార్చేసి, వర్గమూలాన్నీ వర్గాన్నీ కొట్టేసింది.

విడివిడిగా చూస్తే ఇవన్నీ వేర్వేరు తప్పుల్లా ఉంటాయి. నాకు మాత్రం అన్నిటి కిందా ఒకే లోపం కనబడింది. సైన్ అంటే ఆమెకు కాగితం మీద అటూ ఇటూ మార్చుకునే ఒక గుర్తు. ప్రతి కోణానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమేయం అన్న సంగతి నిర్వచనంలో చదివింది కానీ లెక్క చేసేటప్పుడు అది మనసులోకి రావడం లేదు. దాంతో సర్వసమీకరణంలో ఉన్న సమానం గుర్తు కూడా "ఇది తీసి అది పెట్టుకోవచ్చు" అనే అనుమతిగానే అర్థమైంది. ప్రతి కోణం దగ్గరా రెండు వైపులా ఒకే సంఖ్య రావాలన్న షరతు ఆ గుర్తులో ఉందని ఆమెకు తట్టలేదు.

అందుకే కొన్నాళ్లు కొత్త ఫార్ములా వద్దు, నిరూపణలు వద్దు, గ్రాఫులే గీద్దామన్నాను. పరీక్షల ముందు గ్రాఫులేంటని ఆమెకు టెన్షన్. అది సహజమే.

ఎత్తుల పట్టిక

లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం బై కర్ణం అనే నిర్వచనం 90° లోపు కోణాలకే పనికొస్తుంది. 200° కోణం ఉన్న లంబకోణ త్రిభుజం ఎక్కడా ఉండదు. కాబట్టి 1 యూనిట్ వ్యాసార్థంతో వృత్తం గీయించి, కుడి చివర నుంచి అపసవ్య దిశలో ఒక బిందువును తిప్పించాను. ఆ బిందువు ఎత్తు సైన్, కేంద్రం నుంచి అడ్డంగా ఉన్న దూరం కాస్. 200° దగ్గర బిందువు కేంద్రం కంటే కిందే ఉంది కాబట్టి సైన్ రుణం. పాదాల రూల్ ఇక గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ భాగం ఆమె తొందరగానే పట్టుకుంది.

అర్ధవృత్తాల సంగతి అంత తేలిగ్గా వదల్లేదు. "తప్పు, ఇలా ఉండాలి" అని సరైన గ్రాఫ్ చూపిస్తే చూసి దింపేస్తుంది, అంతే. ఎందుకు అలా ఉండాలో తనకే తెలియాలి. దానికి నేను ఆర్యభటుడి పట్టికను వాడతాను. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆయన 90° కోణాన్ని 24 భాగాలు చేశాడు. ఒక్కో భాగం 3° 45', అంటే 225 నిమిషాలు (ఒక డిగ్రీకి 60 నిమిషాలు). వృత్తం చుట్టుకొలత 21,600 నిమిషాలు అనుకుంటే వ్యాసార్థం 3438 వస్తుంది. ఆయన ఇచ్చినవి నేరుగా ఎత్తులు కావు, ఒక్కో మెట్టుకు ఎత్తు ఎంత పెరుగుతుందో ఆ తేడాలు. అవి 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని మొదలై, నెమ్మదిగా తగ్గుతూ చివరికి 51, 37, 22, 7 దగ్గర ఆగుతాయి.

మొదటి ఎనిమిదీ కూడమన్నాను. 1719 వచ్చింది. 3438లో సరిగ్గా సగం. ఎనిమిది మెట్లంటే 30°. సైన్ 30° = 1/2 అని ఎన్నోసార్లు రాసిన అమ్మాయి, అది కూడికలో దానంతటదే రావడం చూసి ఇంకోసారి కూడి సరిచూసుకుంది.

ఆ తర్వాత ఆ తేడాల్నే మెట్లుగా పేర్చి గ్రాఫ్ గీయించాను. మొదట్లో 225 నిమిషాలు ముందుకు వెళ్తే ఎత్తు కూడా 225 పెరుగుతోంది. అంటే సున్నా దగ్గర గ్రాఫ్ వాలు 1. రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకుంటే గీత 45° వాలుతో బయల్దేరుతుంది. చివర్లో అదే 225 నిమిషాలకు ఎత్తు 7 మాత్రమే పెరుగుతోంది, అంటే శిఖరం దగ్గర గ్రాఫ్ దాదాపు చదును. అర్ధవృత్తమైతే అక్షం నుంచి నిట్టనిలువుగా లేవాలి. ఇక్కడ అలా లేవడం లేదు. పైగా రేడియన్లలో, అంటే 1 యూనిట్ వృత్తం మీద చాపం పొడవుతో కోణాన్ని కొలిచి చూస్తే, ఒక గుట్ట వెడల్పు 3.14, ఎత్తు 1 మాత్రమే. అంత వెడల్పు అర్ధవృత్తానికి ఎత్తు 1.57 ఉండాలి. అర్ధవృత్తం ఆలోచన అక్కడితో పోయింది.

రేడియన్లు ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే దొరికింది. చాపం పొడవును, ఎత్తును ఒకే కొలతలో కొలిస్తేనే సున్నా దగ్గర ఆ 1 వస్తుంది. (ఈమె కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండిపోయి సైన్ 30కి −0.988 చూపించింది. అంతకుముందు అయితే దాన్ని అలాగే జవాబుగా రాసేది.)

గ్రాఫ్ పక్కకు జరగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సైన్ (2ఎక్స్ − 60°)లో లోపలి భాగం ఎప్పుడు సున్నా అవుతుందో చూడమన్నాను. ఎక్స్ = 30° దగ్గర. గ్రాఫ్ అక్కడి నుంచి మొదలవుతుంది, 180°కి ఒకసారి మళ్లీ అదే వస్తుంది. ఎడమా కుడా అన్న గందరగోళం ఆ తర్వాత మళ్లీ రాలేదు.

సైన్ స్క్వేర్

ఈ కేసులో అసలు మలుపు ఇక్కడే వచ్చింది. సైన్² ఎక్స్ గ్రాఫ్ ఎలా ఉంటుందో ముందు ఊహించి గీయమన్నాను. కింద ఉన్న గుట్టల్ని పైకి తిప్పేసి, 0°, 180°, 360° దగ్గర సూదిమొనల్లాంటి మూలలు పెట్టింది. వర్గం చేస్తే రుణం ధనమవుతుంది కాబట్టి అలా అనుకుంది. నిజానికి ఆ బొమ్మ సైన్ పరమ విలువది, అంటే మైనస్ గుర్తు తీసేసిన సైన్‌ది.

ఏమీ అనకుండా విలువలు లెక్కవేయమన్నాను. 0° దగ్గర 0. 15° దగ్గర 0.067. 30° దగ్గర 0.25. 45° దగ్గర 0.5. 60° దగ్గర 0.75. 75° దగ్గర 0.933. 90° దగ్గర 1. బిందువులు కలిపితే సున్నా దగ్గర మూల రాలేదు, గీత అక్షాన్ని మెత్తగా తాకి మళ్లీ పైకి లేచింది. 0.067 లాంటి చిన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. 15° సైన్ 0.259 ఉంటుంది, ఒకటి కంటే చిన్న సంఖ్యను వర్గం చేస్తే ఇంకా చిన్నదవుతుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఆ తగ్గుదల మరీ ఎక్కువ. మూల అరిగిపోవడానికి కారణం అదే.

కాసేపు ఆ బొమ్మనే చూసి, 0.25, 0.75 రెండూ 0.5కి సమాన దూరంలో ఉన్నాయంది. 0.067, 0.933 కూడా అంతే. 0.5 దగ్గర అడ్డంగా ఒక గీత గీసింది. ఆ గీతను మధ్యగా పెట్టుకుని చూస్తే గ్రాఫ్ పైకి అర, కిందికి అర ఊగుతోంది. 180°లో ఒక ఆవర్తనం పూర్తవుతోంది. మొదలయ్యేది అట్టడుగు నుంచి.

"సార్, ఇది తిరగేసిన కాస్ కదా! కాస్ 2ఎక్స్!"

ఎత్తు సగం, మధ్యగీత 1/2, తిరగేసింది కాబట్టి మైనస్, ఆవర్తనం సగం కాబట్టి 2ఎక్స్. తనే కింద రాసింది: సైన్² ఎక్స్ = 1/2 − 1/2 కాస్ 2ఎక్స్. రాశాక, ఈ సూత్రం ముందే కంఠతా వచ్చని గుర్తొచ్చి నవ్వేసింది. కాస్² గ్రాఫ్ ఎలా ఉంటుందని నేను అడగకముందే దాన్నీ గీసేసింది. అదే తరంగం, 90° పక్కకు జరిగింది. ఒకటి ఎంత పైకి వెళ్తే రెండోది అంత కిందికి దిగుతుంది, రెండు ఎత్తులూ కలిపితే ఎక్కడైనా 1. సైన్² + కాస్² = 1 అన్న సూత్రానికి పైథాగరస్ సిద్ధాంతం కాకుండా ఇంకో రూపం ఆమెకు అలా దొరికింది.

నిరూపణ చెప్పకుండా బొమ్మ చూసి సూత్రం రాబట్టడం సరైన పద్ధతేనా అని కొందరు టీచర్లు అడుగుతారు. ఈమె లాంటి పిల్లల విషయంలో సరైనదే అంటాను. నిరూపణ ఆమెకు ముందే వచ్చు. తను ఏం నిరూపిస్తోందో మాత్రం తెలియదు.

గ్రాఫ్ ఎంతవరకు నమ్మాలి

ఆ ఉత్సాహంలో ఆమె రెండో చివరకు వెళ్లింది. ఏ సర్వసమీకరణం ఇచ్చినా రెండు వైపులా గ్రాఫ్ యాప్‌లో వేసి, గీతలు ఒకదాని మీద ఒకటి పడితే "నిజమే" అనేస్తోంది. తప్పును పట్టుకోవడానికి ఈ అలవాటు బాగా పనికొస్తుంది. √(1 − సైన్² ఎక్స్), కాస్ ఎక్స్ రెండూ వేస్తే 90° దాటగానే విడిపోతాయి, మొదటిది కాస్ పరమ విలువ అని వెంటనే కనిపిస్తుంది. ఒక్క కోణంతో సరిచూసుకునేవాళ్లు 0°, 180° లాంటివి తీసుకోకూడదని కూడా చెప్పాను. సైన్ 2ఎక్స్ = 2 సైన్ ఎక్స్ అన్న తప్పు ఆ రెండు చోట్లా నిజంలాగే కనబడుతుంది. 90° దగ్గర ఒక వైపు 0, ఇంకో వైపు 2 వస్తాయి. 17° లాంటి ఏ ప్రత్యేకతా లేని కోణం తీసుకుంటే ఇలా మోసపోయే అవకాశం బాగా తగ్గుతుంది.

కానీ గీతలు కలిసినంత మాత్రాన నిరూపణ అయిపోదు. అది చూపించడానికి ఏడో శతాబ్దపు మొదటి భాస్కరుడి సూత్రం ఇచ్చాను. ఎక్స్ డిగ్రీల్లో ఉంటే, 4ఎక్స్(180 − ఎక్స్) ను 40500 − ఎక్స్(180 − ఎక్స్) తో భాగించడం. ఇందులో సైన్ లేదు, వృత్తం లేదు, ఉత్త గుణకారం, భాగహారం. 0 నుంచి 180 వరకు సైన్ గ్రాఫ్‌తో కలిపి వేయమన్నాను. స్క్రీన్ మీద ఒకే గీత. సర్వసమీకరణమేనా అంటే అవునంది.

30 పెట్టి చూడమన్నాను. 18000 బై 36000, సరిగ్గా 1/2. 90 పెడితే సరిగ్గా 1. ఇంకేముంది, తన మాటే నిజమనుకుంది. 45 పెట్టమన్నాను. 24300 బై 34425, అంటే 0.7059. సైన్ 45° విలువ 0.7071. తేడా మూడో దశాంశ స్థానంలో ఉంది, కంటికి ఆనదు. ఇక 180 దాటితే దాపరికమే లేదు. 210 దగ్గర −0.538 వస్తుంది, రావాల్సింది −0.5. 270 దగ్గర −1.5 వస్తుంది, సైన్ ఎప్పుడూ −1 కంటే కిందికి దిగదు. ఆ సూత్రం తక్కువేమీ కాదు, 0 నుంచి 180 వరకు సైన్‌కి ఇంత సులువుగా, ఇంత దగ్గరగా వచ్చే భిన్నం దొరకడం అరుదు. అయినా అది ఉజ్జాయింపే. గ్రాఫ్ ఒక మాట తప్పని తేల్చగలదు, నిజమని చెప్పాలంటే మాత్రం బీజగణితమే కావాలి. నిరూపణలు ఎందుకు రాస్తామో ఆమెకు ఈ లెక్కతోనే అర్థమైంది.

సర్వసమీకరణాలు ఏ కోణాలకు వర్తిస్తాయన్నది కూడా అప్పుడే చూశాం. సైన్ ఎక్స్ / (1 + కాస్ ఎక్స్), (1 − కాస్ ఎక్స్) / సైన్ ఎక్స్ రెండూ ఒకటేనని ఆమె అడ్డగుణకారం చేసి చూపిస్తుంది. రెండు గీతలూ కలుస్తాయి కూడా, రెండూ టాన్ (ఎక్స్/2) గ్రాఫే. కానీ ఎక్స్ = 0 దగ్గర మొదటిది 0, రెండోది 0/0, అంటే అక్కడ దానికి విలువే లేదు. గ్రాఫ్‌లో కనబడని చిల్లు అది. రెండు వైపులా విలువ ఉన్న కోణాలకే ఆ సర్వసమీకరణం అని పక్కన రాయడం అలవాటు చేశాను.

కలిపితే 2 ఎందుకు రాదు

మొదట్లో 2 అని రాసిన ప్రశ్నకు ఇక్కడికొచ్చాకే తిరిగి వెళ్లాం. సైన్, కాస్ గ్రాఫులు ఒకే కాగితం మీద గీసి, ప్రతి 15°కీ రెండు ఎత్తులూ కూడి చుక్క పెట్టమన్నాను. సైన్ శిఖరం 90° దగ్గర, కాస్ శిఖరం 0° దగ్గర. రెండూ ఒకే చోట శిఖరం మీద ఉండవు కాబట్టి మొత్తం 2 అవ్వదు. 45° దగ్గర రెండూ 0.707, మొత్తం 1.414, అదే అత్యధికం. వచ్చిన గ్రాఫ్ కూడా సైన్ తరంగమే, ఎత్తు √2, 45° ఎడమకు జరిగింది. కాబట్టి సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్ = √2 సైన్ (ఎక్స్ + 45°). 3 సైన్ ఎక్స్ + 4 కాస్ ఎక్స్ ఇస్తే ఈసారి 7 అనలేదు. 9 + 16 = 25, వర్గమూలం 5 అని చెప్పి, శిఖరం సుమారు 37° దగ్గర వస్తుందని గ్రాఫ్ మీద చూపించింది.

ఎక్కువ జవాబుల సమస్యకు మందు కూడా ఇదే. 0° నుంచి 360° లోపు సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్ = 1 సాధించమంటే ఆమె పాత పద్ధతి రెండు వైపులా వర్గం చేయడం. 1 + సైన్ 2ఎక్స్ = 1, కాబట్టి సైన్ 2ఎక్స్ = 0, జవాబులు 0°, 90°, 180°, 270°. ఇప్పుడు గ్రాఫ్ మీద 1 ఎత్తులో అడ్డగీత గీస్తే అది 0°, 90° దగ్గర మాత్రమే తగిలింది. మిగతా రెండు చోట్లా గ్రాఫ్ −1 దగ్గర ఉంది. వర్గం చేసినప్పుడు −1 కూడా 1 అయిపోయి, మొత్తం −1 అయ్యే కోణాలు కూడా జవాబుల్లోకి వచ్చేశాయని తనే చెప్పింది. వర్గం చేయొద్దని నేను చెప్పలేదు. చేశాక ప్రతి జవాబునూ అసలు సమీకరణంలో పెట్టి చూడమన్నాను, అంతే.

ఇప్పుడు ఎక్కడుంది

సమీకరణాల్లో అదనపు జవాబులు దాదాపు ఆగిపోయాయి. గ్రాఫ్ ప్రశ్నలు వదలడం లేదు, పైగా ముందు అవే చేస్తోంది. నిరూపణలు మాత్రం మునుపటికంటే నెమ్మదయ్యాయి. ప్రతి లైనుకూ ఏ కోణాలకు వర్తిస్తుందో చూసుకుంటోంది కాబట్టి టైమ్ పడుతోంది. దాన్ని నేను సరిచేయదలచుకోలేదు. పరీక్ష వేగం కావాలంటే పాత పేపర్లు చేయించి తెప్పించొచ్చు.

విలోమ ప్రమేయాల దగ్గర, అంటే సైన్ విలువ ఇస్తే కోణం చెప్పే సైన్ ఇన్వర్స్ లాంటి వాటి దగ్గర, ఇంకా పని ఉంది. సైన్ ఇన్వర్స్‌ను ఒకటి బై సైన్‌తో కలిపేయడం తగ్గింది కానీ, సైన్ ఇన్వర్స్ (సైన్ 150°) ఎంతంటే ఇప్పటికీ 150° అనే అంటోంది. జవాబు 30°, ఎందుకంటే సైన్ ఇన్వర్స్ −90° నుంచి 90° లోపు కోణాన్నే ఇస్తుంది. పోయినసారి ఎక్స్‌ను 0° నుంచి 720° వరకు మారుస్తూ సైన్ ఇన్వర్స్ (సైన్ ఎక్స్) గ్రాఫ్ గీయమని ఇచ్చి పంపాను. వంపులేని తిన్నని గీతలతో, పైనా కిందా నిజంగానే మూలలతో ఉండే గ్రాఫ్ అది. 90° వరకు సరిగ్గా గీసుకొచ్చింది. అక్కడ మడత ఎందుకు పడుతుందో వచ్చేసారి తననే చెప్పమంటాను.